మరుగు

సెప్టెంబర్. లాప్లాండ్.
తెల్లారకముందే వ్యాను మమ్మల్ని
ఎవరిదో తెలియని అడవిలో దించేసి పోతుంది.
పదిమంది మగాళ్ళు, నలుగురు ఆడాళ్ళం.
అందరం థాయిలాండ్‌లో, ఈసాన్ మడుల్లో నాట్లేసి వచ్చినవాళ్ళమే.
నడుం వంచడం మాకెవరూ నేర్పక్కర్లేదు.

నేలకు జానెడెత్తున ఎర్రెర్రటి పండ్లు.
లింగన్ పండ్లంటారు కొనేవాళ్ళు.
దువ్వెన పళ్ళ డబ్బాతో దూస్తే
ఆకూ పండూ కలిసి గలగలా రాలతాయి.
కిలోకింత అని లెక్క.
విమానం టిక్కెట్టు అప్పు
బకెట్టుకి గోరంత అరుగుతుంది.

బువాలై నీళ్ళు తాగదు.
సీసా మోస్తే బరువు,
తాగితే ఆగాలి, ఆగితే బకెట్టు వెలితి.
పైగా ఇక్కడి పైన్ చెట్లు సన్నవి,
ఒక్కటీ ఒక మనిషిని దాచదు.
"పొద్దున పోయాగా, మళ్ళీ రాత్రికే" అంటుంది
దవడ బిగించి.
ఉగ్గబట్టుకోవడం
ఆమెకు డబ్బాలాంటిదే, ఇంకో పనిముట్టు.

మూడోవారం, గుడిసె వెనక చీకట్లో
ఆమె పళ్ళు కొరకడం విన్నాను.
చుక్కచుక్కకీ సూది.
లేచి రెండడుగులేస్తే మళ్ళీ వస్తున్నట్టే.
మా ఊళ్ళో అయితే పిల్లిమీసాల ఆకు మరిగించేవాళ్ళం.
ఇక్కడ ఆ మొక్కా లేదు,
దాన్ని గుర్తుపట్టే మా అత్తా లేదు.

గుడిసె అద్దెకిచ్చిన ముసలామె, ఐలి,
మాటల్లేకుండానే సంగతి కనిపెట్టింది.
మేం కోసిన పండ్లే పిడికెడు తీసి
చెంచాతో చిదిమి, వేడినీళ్ళు పోసి,
చక్కెర డబ్బా దూరంగా నెట్టి,
తాగమని సైగ చేసింది.
ఎంత నవ్వుకున్నామో!
వెన్న చేతిలో పెట్టుకుని నేతికోసం తిరిగినట్టు
రోజుకి వంద కిలోల మందు మోస్తూ
మంటతో చచ్చాం.

వగరూ పులుపూ. మూడు రోజులు తాగింది.
మంట కాస్త తగ్గిందంది.
పండు వల్లనో,
పండు వంకన లోపలికి పోయిన నీళ్ళ వల్లనో
ఐలి చెప్పలేదు. నేనూ తేల్చుకోలేదు.

నాలుగోరాత్రి చలిజ్వరం.
దుప్పటి కింద మంచమే వణికింది.
ఐలి ఆమె వీపు మీద, పక్కటెముకల కింద
వేళ్ళతో ఒకసారి తట్టింది.
బువాలై కేక పెట్టింది.
ఐలి గ్లాసు బోర్లించి
కారు తాళాలు తీసింది.

డెబ్భై కిలోమీటర్ల అవతల ఆసుపత్రి.
సీసాలో పరీక్ష, సూదిమందు, యాంటీబయాటిక్ మాత్రలు,
జ్వరం తగ్గినా చివరిదాకా మింగమని హెచ్చరిక.
నర్సు ఫోన్లో మాట్లాడితే
ఫోను మా భాషలో అడిగింది:
"ఎంతసేపు ఆపుకుంటారు?"
"రెండు బకెట్లు నిండేదాకా" అంది బువాలై.
నర్సు ఫోను వైపు చూసింది,
తర్జుమా తప్పిందేమోనని
మళ్ళీ అడిగింది.
మళ్ళీ అదే జవాబు.

ఇప్పుడు పొద్దెక్కాక ఒకసారి,
పొద్దు వాలాక ఒకసారి
"నీళ్ళు!" అని నేనే అరుస్తాను.
నలుగురం తాగుతాం, గుక్కలు లెక్కపెట్టకుండా.
తర్వాత ముగ్గురం పాసిన్ గుడ్డలు చాచి నిలబడతాం,
వీపులు లోపలికి, మొహాలు అడవికి.
నాలుగో మనిషికి అదే మరుగు.
మేస్త్రీ వాచీ చూసుకుంటాడు.
చూసుకోనీ.

నిన్న బువాలై వంతు వచ్చినప్పుడు
చాలాసేపు లేవలేదు.
"ఏమైందే?" అన్నాను, గుండె గుభేలుమని.
"ఏం కాలేదు, ఉండు" అంది.
నాచు మీద నెమ్మదైన చప్పుడు, ఆగకుండా.
లేచి వచ్చాక చూస్తే చేతినిండా పండ్లు,
కూచున్నచోటే, చెయ్యందినంత దూరంలో కోసినవి.
మా నలుగురికీ పంచింది.
ఆ గుప్పెడు మాత్రం
తూకానికి వెయ్యలేదు.